ప్రేడర్-విల్లీ ఉన్నవాళ్ల మరణ కారణాలు: ఎక్కడ వెతకాలి, ఎలా అడగాలి

కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎం.డి. చేస్తున్నానని, ప్రేడర్-విల్లీ సిండ్రోమ్ ఉన్నవాళ్లు ఏ కారణాలతో చనిపోతున్నారో థీసిస్‌గా తీసుకోవాలనుకుంటున్నానని రాశారు. ఆసుపత్రుల్లో డెత్ సర్టిఫికెట్లు, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో వివరాలు సేకరించి, ఏ కారణం ఎంత శాతమో లెక్క వేస్తే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న. అమెరికా సర్వేలో సగటు మరణ వయసు 29.5 ఏళ్లని ఉందని, మన దగ్గర అంతకంటే తక్కువే ఉంటుందని చూపించాలనుకుంటున్నానని కూడా అన్నారు. నేను పిల్లల జెనెటిక్స్ క్లినిక్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఈ సిండ్రోమ్ ఉన్న పిల్లల్ని, పోగొట్టుకున్న తల్లిదండ్రుల్ని దగ్గరగా చూశాను. విషయం చాలా మంచిది, చేయండి. కానీ మీరు చెప్పిన పద్ధతిలో చేస్తే మీ కష్టం వృథా అవుతుంది. ఎందుకో, బదులుగా ఏం చేయాలో వివరంగా రాస్తాను.

ఈ రుగ్మత గురించి తెలియనివాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ముందు నాలుగు మాటలు. 1956లో జ్యూరిక్‌లో ప్రేడర్, లాబార్ట్, విల్లీ అనే ముగ్గురు వైద్యులు దీన్ని మొదటిసారి వర్ణించారు. 15వ క్రోమోజోమ్ మీద 15క్యూ11-క్యూ13 అనే భాగంలో తండ్రి నుంచి రావలసిన జన్యువులు పనిచేయకపోవడం దీనికి మూలం. ఎక్కువ మందిలో తండ్రి వైపు ముక్క ఊడిపోయి ఉంటుంది. తర్వాతి స్థానం రెండు ప్రతులూ తల్లి నుంచే వచ్చినవాళ్లది. పుట్టినప్పుడు ఒళ్లంతా మెత్తగా, పాలు పీల్చే శక్తి లేకుండా ఉంటారు. కొన్నేళ్లు గడిచాక ఎంత తిన్నా తీరని ఆకలి మొదలవుతుంది. పది వేల నుంచి ముప్పై వేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా.

ఇప్పుడు ఆ 29.5 సంగతి. అమెరికాలోని ప్రేడర్-విల్లీ సంఘం నలభై ఏళ్లకు పైగా కుటుంబాల నుంచి మరణ సమాచారం సేకరించింది. 1973 నుంచి 2015 దాకా తమకు తెలిసిన 486 మరణాల విశ్లేషణ 2017లో వచ్చింది. రెండు నెలల పసిబిడ్డ నుంచి 67 ఏళ్ల మనిషి దాకా అందులో ఉన్నారు. సగటు 29.5 ఏళ్లు. శ్వాస వైఫల్యం 31 శాతం, గుండె సంబంధమైనవి 16, జీర్ణకోశం 10, ఇన్‌ఫెక్షన్లు 9, ఊబకాయం 7, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ 7, గొంతులో ఆహారం అడ్డుపడి 6, ప్రమాదాలు 6. ఇంత అరుదైన రుగ్మతలో ఇంత సమాచారం పోగు చేయడం గొప్ప పని. దాని మీద నాకు చాలా గౌరవం ఉంది. అయితే 29.5 అనేది చనిపోయినవాళ్ల వయసుల సగటు మాత్రమే. ప్రేడర్-విల్లీతో పుట్టిన బిడ్డ ఎన్నేళ్లు బతుకుతుంది అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. ఈ రెండిటినీ ఒకటిగా చదువుకుని రాత్రిళ్లు నిద్ర పట్టక క్లినిక్‌కి వచ్చిన తల్లిదండ్రులు నాకు చాలామంది తెలుసు.

కొత్తగా కట్టిన కాలనీ ఒకటి ఉందనుకోండి, అన్నీ కొత్తగా పెళ్లైన జంటలే. అక్కడ పదేళ్లలో చనిపోయినవాళ్ల సగటు వయసు తీస్తే ఏ ముప్పై ఐదో వస్తుంది. ఆ కాలనీ నీళ్లలో విషం ఉందని ఎవరూ అనరు, అక్కడ ముసలివాళ్లే లేరు మరి. ప్రేడర్-విల్లీ లెక్కలు కూడా అంతే. ఈ సిండ్రోమ్‌ని నిర్ధారించే మిథైలేషన్ అనే జన్యు పరీక్ష వాడుకలోకి వచ్చింది 1990లలో. అంతకుముందు పుట్టినవాళ్లలో చాలామందికి పేరు పెట్టి రోగం చెప్పినవాళ్లే లేరు. కాబట్టి నిర్ధారణ అయినవాళ్లలో వయసులో చిన్నవాళ్లే ఎక్కువ, చనిపోయినవాళ్లలోనూ చిన్నవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. మన దేశంలో పరీక్ష ఇంకా ఆలస్యంగా అందుబాటులోకి వచ్చింది. మీరు సగటు తీస్తే 29.5 కంటే తప్పకుండా తక్కువే వస్తుంది. అది మన వైద్యం గురించి ఏమీ చెప్పదు, మన దగ్గర నిర్ధారణ ఎప్పుడు మొదలైందో చెబుతుంది. అందుకే "తక్కువని నిరూపించాలి" అన్న లక్ష్యాన్ని ఇప్పుడే వదిలేయండి.

బతికి ఉన్నవాళ్లను కూడా లెక్కలోకి తీసుకుంటే బొమ్మ ఎలా మారుతుందో చూడండి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో రిజిస్టర్ ఆధారంగా చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. అందులో 35 ఏళ్లు నిండేదాకా బతికే అవకాశం 87 శాతంగా తేలింది. ఒకచోట సగటు 29.5, ఇంకోచోట నూటికి 87 మంది 35 దాటుతున్నారు. రెండూ తప్పు కాదు, రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. బిడ్డ తల్లికి కావలసింది రెండోది. అలాగని ముప్పు చిన్నదేమీ కాదు. ఇంగ్లండ్‌లో ఒక ప్రాంతంలోని ప్రేడర్-విల్లీ జనాభా మీద చేసిన అధ్యయనం 2001లో వచ్చింది. అన్ని వయసుల్లో కలిపి ఏడాదికి 3 శాతం, ముప్పై దాటినవాళ్లలో 7 శాతం మరణాల రేటు చూపింది. అది సాధారణ జనాభాతో పోల్చలేనంత ఎక్కువ.

ఇక డెత్ సర్టిఫికెట్ల మాట. ఫారం 4, అంటే ఆసుపత్రిలో మరణానికి కారణం రాసే పత్రం, మీరు నింపే ఉంటారు. మొదటి భాగంలో మరణానికి నేరుగా దారితీసిన స్థితి, దాని కింద దానికి కారణం, ఆ కింద దానికీ మూలం రాయాలి. రెండో భాగంలో తోడైన ఇతర జబ్బులు. ఒక యువకుడు పండగ భోజనం తర్వాత కడుపు ఉబ్బి, జీర్ణాశయం గోడ చచ్చుబడి, చిల్లు పడి, సెప్టిక్ షాక్‌తో చనిపోయాడనుకుందాం. పై గీత మీద సెప్టిక్ షాక్, తర్వాత జీర్ణాశయం విపరీతంగా ఉబ్బి చచ్చుబడి చిల్లు పడటం, అన్నిటికంటే కింద ప్రేడర్-విల్లీ సిండ్రోమ్ రావాలి. నిజంగా ఏం ఉంటుందో మీకూ తెలుసు: "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్", కింద రెండు గీతలూ ఖాళీ. గుండె, ఊపిరి ఆగడం చావు జరిగిన తీరు, దాన్ని కారణంగా రాయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. అయినా అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్‌కి అది నేర్పేవాళ్లు తక్కువ.

ఒకవేళ సరిగ్గా రాసినా అది మీకు దొరకడం కష్టం. జబ్బులకు సంఖ్యలిచ్చే అంతర్జాతీయ పట్టిక ఐ.సి.డి.-10లో ప్రేడర్-విల్లీకి సొంత సంఖ్య లేదు. క్యూ87.1 కింద నూనన్, కాకేన్, కార్నేలియా డి లాంగే లాంటి వాటితో కలిపి పెట్టారు, పొట్టితనం ముఖ్య లక్షణంగా ఉన్న సిండ్రోమ్‌లన్నీ ఒకే గంపలో. అమెరికా తన సొంత సవరణలో 2019 అక్టోబర్ నుంచి క్యూ87.11 అని విడదీసింది కానీ మనం వాడేది అది కాదు. పైగా ప్రచురించే పట్టికల్లో ఒక్కో మరణానికి ఒక్క మూలకారణమే ఎక్కుతుంది, రెండో భాగంలో రాసినది అక్కడికి రాదు. అసలు మన దేశంలో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవే 2020 నివేదిక ప్రకారం 22.5 శాతం. మిగతావి ఇంట్లో జరిగినవి, దారిలో జరిగినవి, పంచాయతీలో తేదీ మాత్రమే నమోదైనవి. కాబట్టి సర్టిఫికెట్లను మొదలుపెట్టే చోటుగా పెట్టుకోకండి. చివర్లో సరిచూసుకునే కాగితంగా పనికొస్తాయి. ఒక సౌకర్యం కొత్తగా వచ్చింది: జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం ఆసుపత్రి కారణం రాసిన పత్రం నకలు దగ్గరి బంధువుకి కూడా ఇవ్వాలి. ఆ తర్వాత జరిగిన మరణాల్లో కుటుంబం దగ్గరే కాగితం ఉండే అవకాశం ఉంది, అడగండి.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? బతికి ఉన్నవాళ్ల దగ్గర. ముందు నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరి జాబితా తయారు చేయండి. హైదరాబాద్‌లో సి.డి.ఎఫ్.డి. అనే డి.ఎన్.ఎ. పరీక్షల సంస్థకి, నిమ్స్ ఆసుపత్రికి కలిపి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ హోదా ఉంది, మీ గైడ్ ద్వారా మొదటి ఉత్తరం అటే రాయించండి. తర్వాత పిల్లల ఎండోక్రైన్ క్లినిక్‌లు, మిథైలేషన్ పరీక్ష చేసే ల్యాబ్‌లు. ప్రతి ఒక్కరికీ పుట్టిన తేదీ, నిర్ధారణ అయిన తేదీ, జన్యు రకం, చివరిసారి క్లినిక్‌కి వచ్చిన తేదీ రాసుకోండి. ఆ తర్వాతే ఎవరు బతికి ఉన్నారు, ఎవరు లేరు అని వెతకాలి.

నిర్ధారణ తేదీ ఎందుకంటే, పన్నెండేళ్లకు నిర్ధారణ అయిన అబ్బాయి ఆ పన్నెండేళ్లూ బతికి ఉండాల్సిందే కదా, లేకపోతే మీ జాబితాలోకి వచ్చేవాడే కాదు. ఆ పన్నెండేళ్లను "ముప్పు ఉన్నా బతికిన కాలం"గా లెక్కేస్తే చిన్న వయసు మరణాల రేటు దొంగగా తగ్గిపోతుంది. కాబట్టి ప్రతి ఒక్కరూ నిర్ధారణ అయిన వయసు నుంచే లెక్కలోకి రావాలి. మీ బయోస్టాటిస్టిక్స్ సార్‌ని ఆలస్య ప్రవేశంతో కప్లాన్-మేయర్ (ఏ వయసుదాకా ఎంతమంది బతుకుతారో చూపే లెక్క) చేయించమని అడగండి, ఆయనకి అర్థమవుతుంది. ఒక కారణంతో చనిపోయినవాళ్లు ఇంకో కారణంతో చనిపోలేరు కాబట్టి కారణాల వారీగా సంచిత సంభావ్యత, అంటే ఏ వయసుకల్లా ఏ కారణంతో పోయే అవకాశం ఎంతో, తీయించండి. లెక్కల గురించి ఇంతకంటే రాయను, ఈ రోజుల్లో సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. సమస్య ఎప్పుడూ లెక్కలోకి వెళ్లే వివరాలతోనే.

జాబితాలో రెండు చిల్లులు ఉంటాయి, ముందే తెలుసుకోండి. ఒకటి, క్లినిక్‌కి రావడం మానేసినవాళ్లు. ఫోన్ నంబర్ మారి ఉంటుంది, ఊరు మారి ఉంటారు. వాళ్లందర్నీ "బతికే ఉన్నారు" అని వదిలేస్తే మీ ఫలితాలు పనికిరావు. బిడ్డ పోయాక ఆ ఆసుపత్రి గడప మళ్లీ తొక్కబుద్ధి కాక మానేసిన కుటుంబాలు ఉంటాయి. మీరు వెతుకుతున్నది వాళ్లనే. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం., పాత రిఫరల్ డాక్టర్, ఎవరి ద్వారా వీలైతే వాళ్ల ద్వారా ఓపికగా కనుక్కోండి. రెండోది ఇంకా కష్టం. నిర్ధారణ కాకముందే పోయిన పసిబిడ్డలు. మెత్తగా, పాలు తాగలేక, ఊపిరి బలం లేక పుట్టిన పాప మూడు వారాలకే పోతే కేసు షీట్‌లో బర్త్ అస్ఫిక్సియా అనో సెప్సిస్ అనో ఉంటుంది. ఆ పాపకు ప్రేడర్-విల్లీ ఉందేమో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, ఎక్కడైనా డి.ఎన్.ఎ. దాచి ఉంటే తప్ప. కాబట్టి తొలి నెలల మరణాలు మీ అధ్యయనంలో తక్కువగా కనిపిస్తాయని పరిమితుల్లో స్పష్టంగా రాయండి.

ఇక అసలు పని. మరణం తెలిసిన ప్రతి కుటుంబంతో మాట్లాడటం. దీన్నే వెర్బల్ అటాప్సీ అంటాం, మన దేశంలో మరణ కారణాల మీద జరిగిన పెద్ద అధ్యయనం మిలియన్ డెత్ స్టడీ అంతా ఈ పద్ధతి మీదే నడిచింది. కానీ ఆ ప్రశ్నావళిని యథాతథంగా తీసుకోకండి. అది అందరికీ సరిపోయేలా చేసింది. ప్రేడర్-విల్లీ ఉన్నవాళ్ల శరీరం ప్రమాదాన్ని అందరిలా బయటపెట్టదు. నొప్పి తక్కువ తెలుస్తుంది. పెద్ద ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. వాంతి చేసుకునే గుణం చాలా తక్కువ. అందరి మీదా పనిచేసే "జ్వరం ఉందా, నొప్పి ఉందా" అన్న ప్రశ్నలకు ఇక్కడ "లేదు" అని జవాబు వస్తుంది, ఆ "లేదు" మిమ్మల్ని దారి తప్పిస్తుంది. అందుకే సర్టిఫికెట్‌లో చివరి గీత కంటే మనిషి బతికిన చివరి మూడు రోజులు ముఖ్యం. గంట గంటకీ ఏం జరిగిందో ఇంట్లోవాళ్ల మాటల్లోనే రాసుకోండి, తర్వాత ప్రశ్నలు అడగండి.

అన్నిటికంటే ముందు కడుపు గురించి అడగండి. 2007లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో 152 మరణాలు చూస్తే నలుగురు జీర్ణాశయం చచ్చుబడి, పగిలి పోయారు, ఇంకో నలుగురిలో అదే అనుమానం. ఒక్కసారిగా చాలా తింటే జీర్ణాశయం సాగుతుంది. నిండిందన్న సంకేతం లేదు, నొప్పి అంతగా తెలియదు, వాంతి తేలిగ్గా రాదు. సాగిన గోడకు రక్తం అందక చచ్చుబడుతుంది. సన్నగా ఉన్నవాళ్లకు కూడా ఇది జరుగుతుంది, బరువు అదుపులో ఉంది కదా అని ఇంట్లోవాళ్లు ధీమాగా ఉంటారు, డాక్టరూ అనుమానించడు. అయినా ఆ అధ్యయనంలో అలా పోయినవాళ్లలో వాంతులు, కడుపునొప్పి తరచుగా కనిపించాయి. అంటే మామూలుగా వాంతి చేసుకోని మనిషి వాంతి చేసుకుంటే అది ఎమర్జెన్సీ అని అర్థం. మన ఇళ్లలో అడగాల్సిన తీరు: ఆ వారంలో పెళ్లి, వ్రతం, పండగ, ఊరి జాతర ఏమైనా ఉన్నాయా? ఇంట్లో తిండి పెట్టి తాళం వేసిన అల్మరా తెరిచి కనిపించిందా? పొట్ట బిర్రుగా ఉబ్బిందా? ఎప్పుడూ ఆకలి అనేవాడు ఆ రోజు వద్దన్నాడా? ఈ చివరి ప్రశ్న చాలా విలువైనది. ఆకలి లేదని ప్రేడర్-విల్లీ పిల్లవాడు అన్నాడంటే లోపల ఏదో పెద్దదే జరుగుతోందని అర్థం. "గ్యాస్ అనుకుని మాత్ర ఇచ్చి పంపారు" అన్న మాట మీరు వింటారు. అది వినగానే పక్కన గుర్తు పెట్టుకోండి.

గొంతులో అడ్డుపడటం కూడా ఆ 152 మరణాల్లో దాదాపు 8 శాతానికి కారణం. ఆకలితో, ఎవరైనా చూస్తారన్న భయంతో గబగబా మింగుతారు, గొంతు కండరాలు బలహీనం. ఎవరూ చూడని చోట, వంటింట్లోనో మేడ మీదనో జరుగుతుంది కాబట్టి "ఉన్నట్టుండి పడిపోయాడు, హార్ట్ ఎటాక్" అని రాసుకుపోతారు. నోట్లో ఏమైనా ఉందా, పక్కన ఏం దొరికింది అని మెల్లగా అడగాలి. కాలు ఒకవైపు వాచిందా, ప్రయాణం చేశారా, కొద్దిరోజులు మంచం మీద ఉన్నారా అన్నవి రక్తపు గడ్డ కోసం. గురక, నిద్రలో ఊపిరి ఆగడం, పగలు కూర్చున్నచోటే నిద్రపోవడం, వెన్ను వంకర, చివరిసారి తూచిన బరువు, ఇవి శ్వాస వైఫల్యం అనే పెద్ద మాటను విడగొట్టడానికి. 486 మరణాల లెక్కలోని ఆ 31 శాతం ఒకే జబ్బు కాదు. పసివాడిలో పాలు ఊపిరితిత్తుల్లోకి పోవడం వల్ల వచ్చిన న్యుమోనియా, నలభై ఏళ్ల మనిషిలో ఊబకాయం వల్ల ఊపిరి చాలకపోవడం, రెండూ ఆ ఒక్క గడిలోనే పడతాయి. రెండిటికీ నివారణ వేరు. కాబట్టి వయసుల వారీగా విడగొట్టకుండా శ్వాస వైఫల్యం శాతం ప్రచురించవద్దు.

ఎదుగుదల కోసం ఇంజెక్షన్‌గా ఇచ్చే గ్రోత్ హార్మోన్ గురించి ప్రత్యేకంగా రాయాలి, మీ వైవాలో తప్పకుండా అడుగుతారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. 2000లో ప్రేడర్-విల్లీ పిల్లలకు దీన్ని ఆమోదించింది. రెండేళ్లు తిరక్కుండా ఇంజెక్షన్లు తీసుకుంటున్న పిల్లలు చనిపోయారన్న నివేదికలు రావడం మొదలైంది. తల్లిదండ్రుల్లో ఎంత టెన్షన్ పుట్టిందో ఊహించుకోండి. తీవ్రమైన ఊబకాయం, తీవ్రమైన శ్వాస ఇబ్బంది ఉన్న పిల్లలకు ఇవ్వకూడదని మందు కాగితంలో హెచ్చరిక చేరింది. 2008లో 64 మంది పిల్లల మరణాల సమీక్ష వచ్చింది. వాళ్లలో 28 మంది హార్మోన్ తీసుకున్నవాళ్లు, మిగతావాళ్లు తీసుకోనివాళ్లు. రెండు గుంపుల్లోనూ శ్వాస సమస్యలే ముందున్నాయి. హార్మోన్ తీసుకున్నవాళ్లలో మొదటి తొమ్మిది నెలలు ఎక్కువ జాగ్రత్త అవసరమైన కాలంగా తేలింది. దాని ఫలితమే మొదలుపెట్టేముందు, మొదలుపెట్టాక నిద్ర పరీక్ష చేయించాలన్న నేటి పద్ధతి. చనిపోయిన ఇరవై ఎనిమిది మందిని మాత్రమే చూసి ఉంటే మందే చంపిందని తేల్చేసేవాళ్లు. తీసుకోనివాళ్లను పక్కన పెట్టి చూశారు కాబట్టే లక్షల ఇళ్లలో కాకపోయినా వేల ఇళ్లలో పిల్లలకు ఆ మందు నిలిచింది, పద్ధతిగా ఇవ్వడమూ వచ్చింది. మరణాల పరిశోధన మనుషులకు ఎలా పనికొస్తుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు. మీ ఫారంలో హార్మోన్ మొదలుపెట్టిన తేదీ, చివరి డోసు తేదీ, నిద్ర పరీక్ష తేదీ మూడూ ఉండాలి.

దీనికి పూర్తిగా ఎదురు పాఠం మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథి కథ. ఉన్నట్టుండి జరిగే మరణాలకు ఒత్తిడి సమయంలో ఆ గ్రంథి నుంచి కార్టిసాల్ అనే హార్మోన్ అందకపోవడమే కారణమేమోనన్న ఆలోచనతో నెదర్లాండ్స్‌లో 25 మంది పిల్లలకు మెటిరాపోన్ అనే మందు ఇచ్చి పరీక్ష చేస్తే 15 మందిలో, అంటే 60 శాతంలో, లోపం కనిపించింది. అది 2008. ఆ తర్వాత వేరే పరీక్షలతో చేసిన అధ్యయనాల్లో అంతకంటే చాలా తక్కువ మందిలోనే కనిపించింది. అందువల్ల వివరం దొరకని ప్రతి ఆకస్మిక మరణాన్నీ అడ్రినల్ గడిలో వేసేయాలన్న ఆకర్షణకు లొంగకండి. జబ్బు చేసినప్పుడు స్టెరాయిడ్ ఇచ్చారా అని అడగండి, జవాబు రాసుకోండి, అంతే.

కారణం తేల్చడం మీరొక్కరే చేయవద్దు. ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి, సర్టిఫికెట్ మాదిరిగానే గొలుసు మొత్తం రాయాలి. తేడా వస్తే మూడో వ్యక్తి. ఒకరైనా ప్రేడర్-విల్లీ బాగా తెలిసినవాళ్లు అయి ఉండాలి. నిశ్చితం, సంభావ్యం, అనుమానం, తేలలేదు అని నాలుగు మెట్లు పెట్టండి. "తేలలేదు" ఎక్కువ వస్తే గైడ్ ముఖం చిట్లిస్తారేమో, మీరు భయపడకండి. ఇలాంటి మరణాలకు శవపరీక్ష అరుదుగా జరిగే దేశంలో నిజాయితీగా చేస్తే ఆ గడి పెద్దదిగానే ఉంటుంది. మీకు మొత్తం పదో పన్నెండో మరణాలు దొరికితే శాతాలు వేయకండి, ఒక్కో మరణం కథనాన్ని గుర్తులు తీసేసి క్లుప్తంగా ఇవ్వండి. అది శాతాల కంటే వెయ్యి రెట్లు ఉపయోగం.

ఇప్పుడు కుటుంబాల విషయం, నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది. వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫారం పెట్టవద్దు, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఆ గ్రూపులో మొన్ననే నిర్ధారణ అయిన ఆరు నెలల పాప తల్లి ఉంటుంది. "మీ బిడ్డ ఎలా మరణించారు" అన్న ప్రశ్న ఆమె ఫోన్‌లో ఉదయాన్నే వెలగకూడదు. నిర్వాహకులతో మాట్లాడి, బిడ్డను కోల్పోయిన కుటుంబాలకు ఒక్కొక్కరికీ విడిగా, ఇష్టమైతేనే సమాధానమివ్వమని కబురు పంపించండి. సంవత్సరీకం దాటని కుటుంబాల దగ్గరకు వెళ్లేముందు వాళ్ల దగ్గరివాళ్లను అడగండి. మరీ ఆలస్యమైతే వివరాలు మసకబారతాయి, మరీ త్వరగా వెళ్తే గాయం రేగుతుంది. ఏడాది అటూ ఇటూ సరైన సమయం. కేసు షీట్లు చూడటానికి ఎథిక్స్ కమిటీ ఇచ్చే సమ్మతి మినహాయింపు ఇంటర్వ్యూలకు వర్తించదు, భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) 2017 మార్గదర్శకాల ప్రకారం వేరే సమ్మతి పత్రం తయారు చేయండి. జిల్లాలో ప్రేడర్-విల్లీ ఉన్న పిల్లవాడు ఒక్కడే ఉండొచ్చు. వయసు, జిల్లా, కారణం మూడూ కలిపి రాస్తే పేరు రాసినట్టే. జిల్లా తీసేయండి, వయసును పరిధిగా రాయండి.

మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోవలసింది, ఆ తల్లి ఇప్పటికే చాలా నిందలు మోసి ఉంటుంది. బిడ్డ లావైతే "అంత తినిపిస్తే ఎలాగమ్మా" అన్నారు, తాళం వేస్తే "కన్నబిడ్డకి తిండి దాచే తల్లివా" అన్నారు. పోయాక ఆ మాటలన్నవాళ్లందరూ కలిసి వేలు చూపించారు. మీ ప్రశ్నల్లో "ఎందుకు" అన్న మాట రాకూడదు. "ఎందుకు త్వరగా తీసుకెళ్లలేదు" అని అడగకండి, "ఆసుపత్రికి బయల్దేరేసరికి టైమెంతైంది" అని అడగండి. సమాచారం అదే వస్తుంది, ఆ తల్లి తల వంచుకోదు. ఇంకోటి, మేనరికం వల్లే ఇలా జరిగిందని చాలా ఇళ్లలో గట్టి నమ్మకం. ఈ రుగ్మతకు మేనరికంతో సంబంధం లేదు, ఎక్కువ భాగం కేసుల్లో అది ఆ ఒక్క బిడ్డలో కొత్తగా వచ్చిన మార్పు. ఆ మాట స్పష్టంగా చెప్పి రండి. కొన్ని ఇళ్లలో అత్తామామల ముందు చెప్పడం ఇంకా అవసరం.

మీరు ఆ కుటుంబానికి తిరిగి ఇవ్వగలిగింది కూడా ఒకటుంది. ముక్క ఊడిపోవడం వల్లో, రెండు ప్రతులూ తల్లివే కావడం వల్లో వచ్చినప్పుడు తర్వాతి బిడ్డకు మళ్లీ వచ్చే అవకాశం మామూలుగా ఒక శాతం కంటే తక్కువ. కానీ ఇంప్రింటింగ్ సెంటర్‌లో (ఏ జన్యువు తల్లిదో, ఏది తండ్రిదో గుర్తులు వేయించే భాగంలో) లోపం తండ్రి నుంచి సంక్రమించి ఉంటే 50 శాతం దాకా ఉంటుంది. మిథైలేషన్ పరీక్ష రుగ్మత ఉందని చెబుతుందే గానీ ఏ రకమో చెప్పదు, చాలామంది అక్కడే ఆగిపోయి ఉంటారు. అలాంటి కుటుంబం ఇంకో బిడ్డ గురించి ఆలోచిస్తుంటే మీరు ఇంటర్వ్యూ ముగించి వచ్చేయకూడదు, జెనెటిక్ కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ ఇప్పించి రావాలి. దీన్ని ప్రొటోకాల్‌లోనే రాయండి.

థీసిస్‌కి మీకున్న సమయంలో రెండు మూడు క్లినిక్‌ల జాబితా, బతికి ఉన్నారో లేరో కనుక్కోవడం, దొరికిన మరణాలకు ఇంటర్వ్యూలు, ఇంతవరకు చేయొచ్చు. దేశమంతా అని పెట్టుకోకండి. పూర్తయ్యాక ఒక్క పేజీ తెలుగులో రాయండి, క్యాజువాలిటీలో చూపించే కార్డులా: ఈ మనిషికి ప్రేడర్-విల్లీ ఉంది, జ్వరం, నొప్పి లేకపోయినా జబ్బు తీవ్రంగా ఉండొచ్చు, వాంతి అయినా, పొట్ట ఉబ్బినా, తిండి వద్దన్నా వెంటనే ఎక్స్‌రే, సర్జన్. విదేశీ సంఘాల దగ్గర ఇలాంటివి ఉన్నాయి, మన కుటుంబాల అనుభవంలో తేలినది చేర్చి మన భాషలో కావాలి. ఎథిక్స్ కమిటీకి పంపేముందు ప్రశ్నావళి తెలుగు పాఠం ఇక్కడ పెట్టండి, కడుపు గురించిన ప్రశ్నలు, నిద్ర గురించిన ప్రశ్నలు నేను చదివి చెబుతాను.